లిస్బన్ వీధుల్లో వదిన నోటుబుక్కు

మొదటి రోజు, శుక్రవారం

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో దిగేసరికి సాయంత్రం నాలుగైంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మా అబ్బాయి ఇంట్లో మూడు వారాలుగా వాన చూస్తూ కూర్చున్న మాకు, అక్టోబరులో కూడా చుర్రుమంటున్న ఆ ఎండ తగలగానే ప్రాణం లేచొచ్చింది. మేమంటే నేనూ, మా పెద్ద వదినా. మాది గుంటూరు. వదిన తెనాలిలో ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. నాకు తిండి మీద యావ, ఆవిడకు మాటల మీద యావ. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు మాత్రం సమానం.

రేపు ఒక గైడు వెంట నాలుగు గంటలు కాలినడకన ఊరు తిరుగుతూ, అక్కడి పాతకాలం తిండీ వైనూ రుచి చూసే టూరు బుక్ చేశాడు మావాడు. "అమ్మా, తిండికి ఢోకా లేదు, నడక సంగతే చూసుకోండి" అని మరీ చెప్పి పంపాడు.

హోటల్ గదిలోకి వెళ్ళగానే నేను మంచమెక్కాను. వదిన బాత్‌రూమ్ గోడకున్న కాగితం చదువుతూ నిలబడిపోయారు. "అమ్మాయ్, ఇలా రా! తుఆల్య అంట. తువాలు! బుడతకీచుల దగ్గర్నుంచి వచ్చిన మాట అని పిల్లలకి చెప్పడమేగానీ, కళ్ళతో చూడటం ఇదే." పోర్చుగీసు వాళ్ళని మన పెద్దలు బుడతకీచులు అనేవాళ్ళు. నాకు చిన్నప్పుడు ఆ మాట వింటే ఏదో పురుగు పేరనిపించేది. వదిన హ్యాండ్‌బ్యాగులోంచి రూళ్ళ నోటుబుక్కు తీసి మొదటి పేజీలో ఒకటో నంబరు వేశారు. ఇంక ఈ నాలుగు రోజులూ ఏం జరగబోతోందో నాకు అర్థమైపోయింది.

సాయంత్రం బైషా అనే పాత బజారు వైపు నడిచాం. ఊరంతా కొండలెక్కీ దిగీ వంకర్లు పోతుంటే ఈ ఒక్క పేట మాత్రం చదరంగం బల్లలా ఉంటుంది. 1755 నవంబరు 1న, పండగ పూట జనం చర్చిల్లో ఉండగా భూకంపం వచ్చింది. దాని వెనక సముద్రం పొంగింది, ఆపైన రోజుల తరబడి మంటలు. అంతా పోయాక పొంబాల్ అనే మంత్రి తాడు పట్టి గీసినట్టు వీధులు వేయించాడు. వెండి వీధి, బంగారం వీధి, చెప్పులు కుట్టేవాళ్ళ వీధి అని పనుల పేర్లే వీధులకు పెట్టారు. ఆ పొంబాల్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ తగులుతాడు.

రాత్రి భోజనానికి ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. అడగకుండానే రొట్టె, వెన్న, ఆలివ్ కాయలు తెచ్చి పెట్టారు. మర్యాద బాగుందే అనుకుని పళ్ళెం ఖాళీ చేశాం. తీరా బిల్లులో ఒక్కోదానికీ విడివిడిగా లెక్క ఉంది. ఇక్కడ అదే పద్ధతట. ముట్టుకోకుండా వెనక్కి పంపితే డబ్బులుండవు, తింటే తిన్నదానికి కట్టాలి. ముందే తెలిస్తే ఆ ఆలివ్ కాయలు అన్నేసి తినేదాన్ని కాదు, అంత ఉప్పు.

నేను చెప్పించుకున్నది ఆలిచిప్పలు. వెల్లుల్లి, ఆలివ్ నూనె, నిమ్మరసం, పైన చేరెడు కొత్తిమీర. యూరప్‌లో ఇన్నాళ్ళూ తిరిగినా పచ్చి కొత్తిమీర వాసన తగల్లేదు. ఇక్కడ మన వంటిల్లులా ఘుమాయించింది. 19వ శతాబ్దపు కవి బుల్యావ్ పాతు పేరు మీదే ఆ వంటకాన్ని పిలుస్తారు. వదిన ఆలిచిప్పలు ముట్టుకోరుగానీ, కవి పేరున కూర అనేసరికి కదిలిపోయారు. "మనకి ఇంతమంది కవులు, ఒక్కళ్ళ పేరు మీద పచ్చడైనా ఉందా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

రెండో రోజు, శనివారం

వదినకు శనివారం వెంకటేశ్వరస్వామి రోజు. మాంసం, చేప, గుడ్డు ఏవీ ముట్టరు. మావాడు టూరు సరిగ్గా శనివారానికే బుక్ చేశాడు. పొద్దున్నుంచీ నాకు అదే టెన్షన్.

పదింటికి రొసియు చౌకులో కలిశాం. నేలంతా నల్లరాయి తెల్లరాయి ముక్కలతో అలల్లా పరిచి ఉంది. చూడ్డానికి అందంగా ఉంటుందిగానీ అరిగి అరిగి నున్నగా జారుతుంది. ముగ్గురు బ్రెజిల్ ఆడవాళ్ళు, ఒక కెనడా జంట, మేమిద్దరం. గైడు పాతికేళ్ళ అమ్మాయి, గలగలా మాట్లాడుతుంది. వదిన ముందే వెళ్ళి, "ఇవాళ ఒక్కరోజు నేను శాకాహారం తల్లీ, రేపట్నుంచి చేప తింటాను" అని ఇంగ్లీషులో చెప్పారు. వేరే దేశం గైడైతే తెల్లబోయేది. ఈ అమ్మాయి "మా అమ్మమ్మకి శుక్రవారం" అని నవ్వేసింది.

మొదటి మజిలీ పక్కనే ఉన్న సావ్ దుమింగుష్ చౌకు. అక్కడ 1840 నుంచీ నడుస్తున్న జింజీన్య కొట్టు ఉంది. కొట్టంటే పెద్దదేం కాదు, మన కిళ్ళీ బంకు కన్నా కాస్త ఎక్కువ. పుల్ల చెర్రీపళ్ళని సారాయిలో పంచదారతో ఊరబెట్టి తీసిన ఎర్రటి మందు చిన్న గ్లాసుల్లో పోస్తారు. పొద్దున పదింటికే ముసలాయనలు గోడకానుకుని చప్పరిస్తున్నారు. "వాటితోనా, అవి లేకుండానా?" అని అడుగుతారు. అవి అంటే అడుగున ఊరిన చెర్రీలు. నేను వాటితోనే తీసుకున్నాను. గింజ ఎక్కడ ఉమ్మాలో తెలీక చేతిలో పట్టుకుని చాలాసేపు నడిచాను. వదిన వాసన చూసి, "దగ్గు మందు" అని తీర్పిచ్చి గ్లాసు నాకే ఇచ్చేశారు. పొద్దున్నే రెండు గ్లాసులు. మా అబ్బాయికి ఈ ముక్క చెప్పలేదు.

అదే చౌకులో ఒక రాతి ఫలకం ఉంది. 1506లో ఇక్కడే మొదలై యూదుల్ని ఊచకోత కోశారని, వాళ్ళ గుర్తుగా 2008లో పెట్టారని గైడమ్మాయి చెప్పింది. తిండి టూరులో ఇదెందుకా అనుకున్నాను. అప్పుడు అల్యేయిర అనే సాసేజి కథ చెప్పింది. బలవంతంగా మతం మార్చిన యూదుల్ని, నిజంగా మారారా లేదా అని ఇరుగుపొరుగు ఇంటి చూరు వంక చూసి కనిపెట్టేవాళ్ళట. చూరుకు పంది సాసేజిలు వేలాడుతుంటే సరే, లేకపోతే అనుమానం. అందుకని కోడి మాంసం, రొట్టె, వెల్లుల్లి కూరి చూడ్డానికి అచ్చం అలాగే ఉండేవి తయారుచేసి వేలాడదీశారని చెప్పుకుంటారు. ఇప్పుడవి దేశమంతా ఇష్టంగా తింటున్నారు. వదిన చాలాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత 1890 నాటి ఒక పచారీ కొట్టు, మన్తేయిగరీయ సిల్వ. గుమ్మంలోనే ఉప్పుచేప వాసన గుప్పుమంది. నాకు ఒక్కసారిగా బాపట్ల సంత గుర్తొచ్చింది. బకల్యావ్ అంటే కాడ్ చేప, నిలువునా చీల్చి ఉప్పులో ఊరేసి ఆరబెట్టింది. నిలువెత్తు చెక్కల్లా పేర్చి ఉన్నాయి. తమాషా ఏమిటంటే ఈ చేప వీళ్ళ సముద్రంలో దొరకదు. వందల ఏళ్ళుగా న్యూఫౌండ్‌ల్యాండ్ దాకా ఓడల్లో పోయి పట్టుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎక్కువగా నార్వే నుంచి వస్తుంది. ఊళ్ళో సముద్రం పెట్టుకుని ఎక్కడో ఉన్న చేప మీద ఇంత మమకారం! క్రిస్మస్ ముందురోజు రాత్రి ఉడికించిన బంగాళదుంప, క్యాబేజీతో ఇది తినకపోతే పండగ కాదట. బకల్యావ్‌ని వెయ్యిన్నొక్క రకాలుగా వండొచ్చని వీళ్ళ సామెత.

"ఎన్నాళ్ళు నానబెడతారు?" అని అడిగాను. లావు ముక్కలైతే రెండు రోజులు, మధ్యమధ్య నీళ్ళు మారుస్తూ. అక్కడ నాకూ ఆ అమ్మాయికీ బాగా కలిసింది. మా ఊళ్ళో ఉప్పుచేప వేయించి పప్పుచారులో నంజుకుంటామని చెప్పాను. పప్పుచారు ఇంగ్లీషులో చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. ఆఖరికి "పుల్లటి సూప్" అన్నాను. పప్పుచారుకి క్షమాపణలు.

అక్కడే వదినకు దారి దొరికింది. సెర ద ఎష్త్రేల అనే గొర్రెపాల జున్ను. పైన మూతలా కోసి తీసి, లోపల మీగడలా ఉన్నదాన్ని స్పూనుతో తోడి రొట్టె మీద వేస్తారు. మామూలుగా జున్ను తోడుకోవడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వేస్తారని వదిన ఎక్కడో చదివారు, అందుకే విదేశీ జున్ను ముట్టుకోరు. ఇందులో వేసేది ఒక ముళ్ళమొక్క ఊదారంగు పువ్వు. ఎండిన పువ్వు ఉప్పుతో నూరి పాలల్లో కలిపితే పాలు తోడుకుంటాయి. గైడమ్మాయి ఆ ఎండిన పువ్వుల పొట్లం తెచ్చి చూపించేదాకా వదిన నమ్మలేదు. నమ్మాక మూడు ముక్కలు తిన్నారు.

జున్నుతోపాటు వీన్యు వేర్ద్ పోశారు. పేరుకి 'పచ్చ వైను' గానీ రంగు పచ్చ కాదు. పచ్చిది, లేతది అన్న అర్థంలో. వాయవ్య మూల మిన్యు ప్రాంతంలో చేస్తారు, నిల్వ పెట్టకుండా లేతగానే తాగేస్తారు. నాలుక మీద గోలీసోడా చురుకులాంటిది సన్నగా తగులుతుంది. వైన్ గురించి నాకేమీ తెలీదు, ఇది మాత్రం నచ్చింది.

దారిలో పళ్ళకొట్టు దగ్గర చిన్న గొడవ. గైడమ్మాయి "అననాష్" అంది. బ్రెజిల్ ఆవిడ "అబకషీ" అంది. ఇద్దరిదీ పోర్చుగీసే, పండు కూడా ఒకటే. వదిన మధ్యలో దూరి, "మా ఊళ్ళో కూడా అనాసే" అన్నారు. లిస్బన్ గెలిచింది. పక్కనున్న బొప్పాయికీ అదే గొడవ, గైడమ్మాయి పపాయ అంది, బ్రెజిల్ ఆవిడ మమావ్ అంది. నోటుబుక్కులో రెండూ మూడూ నంబర్లు పడ్డాయి.

బకల్యావ్ వర్తకుల వీధి అని ఒకటుంది. అందులో 1930లో పెట్టిన చేపడబ్బాల కొట్టు. గోడ పొడుగునా చెక్క అరలు, వాటినిండా రంగురంగుల సార్డీన్ డబ్బాలు. మనం అడిగిన డబ్బాని కాగితంలో చుట్టి దారం కట్టి ఇస్తారు. గైడమ్మాయి ఆ అరల్ని చూపిస్తూ ఏదో అంటుంటే "అర్మారియు" అన్న మాట విని వదిన నోటుబుక్కు తీశారు. మేస్త్రీ కూడా ఆ రోజే దొరికాడు. ఆ పూట చివరి మజిలీలో ముసలి వంటాయన్ని గైడమ్మాయి "మెష్త్ర" అని పిలిచింది. పనితనం ఉన్నవాణ్ణి అలా పిలుస్తారట.

ఆ మజిలీ మొరారీయలో. 1147లో క్రైస్తవులు ఊరు గెలుచుకున్నాక ఓడిపోయిన ముస్లింలను ఉండనిచ్చిన పేట అది. ఇప్పుడు సందు తిరిగితే బంగ్లాదేశ్ కొట్లు, ఏలకుల వాసన, అల్లం, పచ్చిమిర్చి. ఆ మధ్యలో ఒక తాష్క. తాష్క అంటే ఇంటి తిండి దొరికే చిన్న పూటకూళ్ళ కొట్టు, అందులోనే వైను కూడా. కాగితం పరిచిన బల్లలు, గోడకి టీవీ.

వదిన కోసం విడిగా రెండు వచ్చాయి. ఒకటి కాల్దు వేర్ద్, ఆకుకూర సూపు. క్యాబేజీ జాతి ముదురాకుని తలవెంట్రుకంత సన్నగా తరిగి, మెత్తగా ఉడికిన బంగాళదుంప పులుసులో వేస్తారు. మామూలుగా పైన ఒక సాసేజి ముక్క తేలుతుంది, వదినకి లేకుండా చేశారు. రెండోది పళ్ళెంలో పెట్టగానే మేమిద్దరం మొహామొహాలు చూసుకున్నాం. బీన్స్ బజ్జీ! శనగపిండి బదులు గోధుమపిండి, అంతే తేడా. పేరు పెయిషీన్యుష్ ద ఓర్త, అంటే 'దొడ్లో చేపపిల్లలు'. మాంసం తినకూడని ఉపవాసం రోజుల్లో చేపల్లా కనబడేట్టు చేసుకునేవాళ్ళట. దీన్నే 16వ శతాబ్దంలో పాదిరీలూ నావికులూ జపాన్ తీసుకెళ్తే అక్కడ టెంపురా అయిందంటారు. "ఉపవాసం తిండికి ఇంత నూనె ఏమిటో, వీళ్ళూ మనలాంటి వాళ్ళే" అని వదిన పళ్ళెం మొత్తం లాగించారు.

మాకు పతనీష్కష్ పెట్టారు. బకల్యావ్ చీలికలు, ఉల్లిపాయ, పిండి కలిపి వేయించిన గారెల్లాంటివి. పక్కన అలెంతేజు ఎర్ర వైను. ఉప్పు సరిపోయింది, కారం మాత్రం శూన్యం. అడిగితే పిరిపిరి సీసా తెచ్చారు. గుంటూరు వాళ్ళం, రెండు చుక్కలేం చేస్తుందని కుమ్మరించుకున్నాను. బాగానే ఉంది, కళ్ళలో నీళ్ళు తిరగలేదుగానీ గౌరవించదగ్గ కారమే. అప్పుడు వదిన తరగతి మొదలుపెట్టారు. "మా దేశానికి మిరపకాయ మీరే తెచ్చారు తల్లీ. అంతకుముందు మాకు మిరియాలే. మిరప అన్న పేరులోనే మిరియం ఉంది. మీరు మిరియాల కోసం వచ్చి, మాకు మిరపకాయలిచ్చి పోయారు." ఆ అమ్మాయి గుడ్లప్పగించి వింది. "మరి మేమెందుకు తినట్లేదు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

చివర్లో బల్ల మీదకి ఒక సమోసా వచ్చింది. పేరు షమూస. గోవా, మొజాంబిక్ మీదుగా వచ్చిందట, ఇప్పుడు ఇక్కడి బార్లలో మామూలు చిరుతిండి. లోపల మాంసం ఉందని వదిన ముట్టలేదు. ఎదురు వైపు మాట కాబట్టి నోటుబుక్కు చివరి పేజీలో విడిగా రాసుకున్నారు.

రాత్రి మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం. లెక్క చూస్తే పదకొండు వేల అడుగులు.

మూడో రోజు, ఆదివారం

పొద్దున బెలేంలో జెరోనిముష్ మఠం. వాస్కో డ గామా సమాధి ఇక్కడే. ఈ మఠం కట్టడానికి డబ్బు ఆఫ్రికా, తూర్పు దేశాల వ్యాపారం మీద వేసిన పన్నులోంచి వచ్చింది, నూటికి అయిదు. ఆ పన్ను పేరు 'మిరియాల ఇరవయ్యో వంతు'. లోపల రాతి స్తంభాల మీద లతలూ తాళ్ళూ చెక్కిన పని అద్భుతం. కానీ ఆదివారం క్యూలో గంటన్నర నిలబడ్డాక అద్భుతాలు కాస్త తగ్గి కనబడతాయి. "మన మిరియాలేగా ఇవన్నీ" అని వదిన స్తంభాన్ని చేత్తో తట్టారు.

పక్కనే 1837 నాటి దుకాణంలో గుడ్డు మీగడ పూరీలు, పష్టేయిష్ ద బెలేం. ఆదివారం కాబట్టి వదినకి గుడ్డు దోషం లేదు. పైన దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడివేడిగా కొరికితే పొరలన్నీ కరకరా విరిగి చీర మీద పడ్డాయి. వీళ్ళ మఠాల్లో పుట్టిన మిఠాయిలన్నీ పచ్చసొనా పంచదారే. సన్యాసినులు బట్టలకి తెల్లసొనతో గంజి పెట్టుకునేవాళ్ళట, మిగిలిన పచ్చసొన ఇలా మిఠాయిలయిందని చెబుతారు. 1834లో ప్రభుత్వం మఠాలు మూసేశాక ఆ వంట రహస్యాలు బయటి కొట్లకి చేరాయి. ఈ కొట్టువాళ్ళ పద్ధతి ఇప్పటికీ రహస్యమే. గంజి అనేసరికి వదిన వెంటనే తన నేతచీర అంచు చూసుకున్నారు.

మధ్యాహ్నం ఉత్తరాన ఉన్న పోర్టో ఊరికి రైలు, మూడు గంటల చిల్లర. నేను నిద్రపోయాను. సావ్ బెంతు స్టేషన్లో దిగి, గోడల నిండా నీలం తెలుపు పలకల బొమ్మలు చూసి లేచాను. రాత్రి పక్క బల్లవాళ్ళు ఫ్రాన్సెజీన్య తింటుంటే చూశాం. రొట్టెల మధ్య గొడ్డుమాంసం, పందిమాంసం, సాసేజి, పైన కరిగిన జున్ను, ఆ పైన వేడి బీరు సాసు. మాకు కుదిరే తిండి కాదు. ఊరికే చూసినా అజీర్తి చేసేట్టుంది.

నాలుగో రోజు, సోమవారం

పొద్దున బుల్యావ్ మార్కెట్. మరమ్మతులయ్యి 2022లో మళ్ళీ తెరిచారు, శుభ్రంగా ఉంది, కాస్త ఎక్కువ శుభ్రంగా. కాల్చిన చెస్ట్‌నట్లు ఒక పొట్లం కొనుక్కుని దోం లూయిష్ వంతెన మీదుగా నది దాటాం. 1886 నాటి రెండంతస్తుల ఇనప వంతెన. పై అంతస్తులో మెట్రో రైలు మన పక్కనుంచే పోతుంటుంది. వదిన కిందికి చూడలేదు, నా భుజం కూడా వదల్లేదు.

అవతలి ఒడ్డు గాయ. పోర్ట్ వైన్ గిడ్డంగులన్నీ ఇక్కడే. ఒక పాత గిడ్డంగిలో గైడు వెంట తిరిగి చూసే టికెట్ కొన్నాం. ఈసారి గైడు ఒక కుర్రాడు, నల్ల కోటు. లోపల చీకటి, చల్లన, తడి మట్టీ పాత చెక్కా కలిసిన వాసన. ద్రాక్ష పండేది ఇక్కడ కాదు, నది పైకి వంద కిలోమీటర్ల దూరంలో దోరు లోయలో. ఆ కొండలు ఎండాకాలం మాడిపోతాయి, ఇక్కడ సముద్రపు గాలి చల్లన. అందుకే అక్కడ చేసిన వైనుని చదునడుగు పడవల్లో నది మీద దింపి ఇక్కడ నిల్వ పెట్టేవాళ్ళు. ఆ పడవలు ఇప్పుడు ఒడ్డున బొమ్మల్లా కట్టేసి ఉన్నాయి.

ఆ లోయకి హద్దులు పెట్టి, ఈ హద్దులోపల పండిందే పోర్ట్ అని 1756లో శాసనం చేసింది మళ్ళీ మన పొంబాలే. భూకంపం వచ్చిన మరుసటి ఏడాదే! ఊరు ఇంకా శిథిలాల్లో ఉంటే ఈయన వైన్‌కి హద్దులు గీస్తున్నాడు.

పోర్ట్ ఎందుకంత తియ్యగా, అంత ఘాటుగా ఉంటుందో కుర్రాడు బాగా చెప్పాడు. పాత పద్ధతిలో ద్రాక్షని రాతి తొట్లలో కాళ్ళతో తొక్కుతారు. రసం పులుస్తూ, అందులో పంచదార సగం దాకా తరిగాక, 77 శాతం ఘాటున్న ద్రాక్ష సారాయి అందులో పోస్తారు. దాంతో పులియబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మిగిలిన తీపి మిగిలినట్టే ఉండిపోతుంది. 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారాయి, మొత్తం 550. ఆ లెక్క వినగానే వదిన, "సరిగ్గా 550 ఎందుకు?" అని అడిగారు. లెక్కల టీచరు కాకపోయినా టీచరేగా.

కుర్రాడు పక్కనున్న పెద్ద చెక్క డొల్ల మీద చెయ్యి వేశాడు. నల్లబడిన చెక్క, చుట్టూ ఇనప కట్లు. "ఎందుకంటే దీంట్లో పట్టేది 550 లీటర్లు. ఇదే మా కొలత. దీన్ని పీప అంటాం" అన్నాడు.

వదిన నోటుబుక్కు తీయలేదు. ముందుకెళ్ళి ఆ డొల్ల మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

కుర్రాడికి ముచ్చటేసినట్టుంది. "మీ భాషలో దీన్నేమంటారు?" అని అడిగాడు.

"పీపా" అన్నారు వదిన.

"బాగా పలికారు. అది మా మాట. మీ భాషలో?"

"పీపా."

అతను మర్యాదగా నవ్వి, ఇంగ్లీషు సరిగ్గా అర్థం కాలేదనుకుని, ఈసారి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి మళ్ళీ అడిగాడు. వదిన కూడా అంతే నెమ్మదిగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పారు.

"అదే చెబుతున్నా నాయనా. పీ. పా."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అతను నా వంక చూశాడు. నేను తలూపాను.